కన్ను జారితే

మే నెల. ఒంగోలు.
కొత్తపట్నం బస్టాండు దగ్గర, టైలరు కొట్టు మీద గది.
తారు కరిగి చెప్పుకి అంటుకునే మధ్యాహ్నం
తొమ్మిది మందిమి
ఊలు అల్లతా కూచున్నాం.

కింద సోడాబండి అతను వారం వారం అడుగుతాడు:
"ఈ ఎండలో స్వెట్టరెవరికమ్మా, సూర్యుడికా?"
ఎస్తేరమ్మ కిటికీలోంచి తలపెట్టి
"ఆయనకి చలేస్తే పంపియ్యి, కొలతలు తీసుకుంటా" అంటది.

నేను కండక్టరుగా చేసి దిగిపోయా.
ఇరవయ్యేళ్లు టిక్కెట్లు కొట్టిన చేతులు,
లెక్క తప్పడమంటే తెలియవనుకున్నా.
అరవై కుట్లు ఎక్కించమంటే ఎక్కించా,
సాయంత్రం పొదిలి బస్సు ఎక్కించినట్టు,
నిలబడ్డోళ్లు, వేలాడేవోళ్లు, ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు.
సూది కదిలితే ఒట్టు.
"వదులుగా అక్కా, వదులుగా" అంది ఖాజాబీ,
"దానిక్కూడా ఊపిరాడాల గదా."

ఇక్కడ ఎవరు ఎవరికి పంతులో తేలదు.
సీదా, ఉల్టా నేర్పింది ఎస్తేరమ్మ,
పెద్దాసుపత్రిలో పాతకాలపు నర్సు.
అంచు ముగించడం మాత్రం ఆమెకి రాదు, అది ఖాజాబీ చేతి పని.
ఖాజాబీకి లెక్క నిలవదు.
గుప్పెడు చింతగింజలిచ్చా,
వరస అయినప్పుడల్లా ఒకటి పక్కన పెడతది.
నాగులుప్పలపాడు నుంచి వచ్చే ఇంటరు పిల్ల మహిత
తప్పు పోయినచోట పసుపుదారం కలిపి
"డిజైను" అంటది.
ఒప్పుకున్నాం,
రెండుసార్ల వరకు.

జాలయ్య వచ్చింది పోయిన్నెల.
కొత్తపట్నం పల్లెపాలెం మనిషి.
కూతురి జాకెట్ల కోసం కింద కొట్టుకొచ్చి
పైన నవ్వులినపడి మెట్లెక్కాడు.
గడప అవతలే నిలబడి, నా ఒళ్లోది చూసి
"కన్ను జారిందమ్మే" అన్నాడు.

నేను కళ్లద్దాలు తడుముకున్నా.

"అది కాదు. ఇది."
పదకొండో వరసలో
చూసీ చూడనట్టు నేను దాటొచ్చిన చిన్న బోలు.
ఎస్తేరమ్మయితే మొత్తం విప్పమనేది.
విప్పడమంటే నాకు,
రాత్రి డిపోలో కలెక్షను తేడా వచ్చి
మళ్లీ మొదటి రూపాయి నుంచి మొదలెట్టడం.
ఆయన విప్పలేదు.
జేబులోంచి వెదురుపుల్ల తీసి
జారినదాన్ని మెట్టు మెట్టుగా పైకి తెచ్చాడు,
బావిలో పడ్డ చేదని తెచ్చినట్టు.
ఆనాటి నుంచి మాకు లూపు లేదు. కన్నే.

ఓ గురువారం, టీ చల్లారేదాకా ఆయనే చెప్పాడు.
వల కన్ను బొటనవేలితో కొలుస్తారంట.
పెద్ద చేప ఆగాల, పిల్లచేప పోవాల.
"ఇప్పుడు కళ్లు చిన్నవైపోయినయ్.
పిల్లల్ని గూడా లాగేస్తన్నారు..."
అని ఆగాడు.

ఎస్తేరమ్మ తన చేతిలోది చూపించింది.
బత్తాయి పట్టేంత టోపీ.
నెలలు నిండకుండా వచ్చేసినోళ్లకి,
కిలోన్నరోళ్లకి, కిలో నూట ముప్ఫయ్యోళ్లకి,
గాజు పెట్టెల్లో పడుకున్నోళ్లకి.
బయట నలభై నాలుగు డిగ్రీలు. లోపల వాళ్లకి చలి.

జాలయ్య అల్లికలోకి చిటికెనవేలు పొడిచి చూశాడు.
దూరింది.
"కన్ను పెద్దదమ్మా.
ఇక్కడ ఏదీ తప్పించుకు పోగూడదు గదా."

కరెంటు పోయి ఫ్యాను ఆగింది.
ఎనిమిదో నంబరు సూదులు పక్కనబెట్టి పన్నెండువి తీశాం.
నంబరు పెరిగితే సూది సన్నమవుద్దంట,
ఈ లెక్క నాకింకా మింగుడుపడదు.

శనివారం ముప్ఫయ్యొక్క టోపీలు పట్టుకుపోయాం.
వార్డు తలుపు దగ్గరే తీసుకున్నారు,
లోపలికి రానియ్యలేదు.
అద్దంలోంచి చూస్తే పెట్టెలు దూరంగా, నీలం వెలుగులో.
మహిత పసుపు గీత ఏ తలకి పోయిందో.

వచ్చేటప్పుడు బస్సులో కొత్త కండక్టరు పిల్ల
"ఎన్ని?" అంది.
"ముప్ఫయ్యొకటి" అన్నా.
ఆ పిల్ల మిషను పట్టుకుని నా మొహమే చూస్తా ఉంది.
ఎస్తేరమ్మ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటా
రెండు వేళ్లు చూపించింది.